లబ్ధిదారు నుంచి శిక్షకురాలి వరకు: ఉమ్మడి వరంగల్ ప్రాంతంలో మహిళా ఉపాధి శిక్షణ, నిధుల చరిత్ర

వ్యాస సంగ్రహం

గ్రామీణ స్త్రీలు సొంత ఉపాధి చేపట్టడానికి అవసరమైన శిక్షణకు డబ్బు ఎవరు పెట్టారు, ఆ డబ్బు మీద నిర్ణయాధికారం ఎవరిది అన్న ప్రశ్నల ఆధారంగా నేటి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల గత నాలుగు దశాబ్దాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ట్రైసెం, డ్వాక్రా, పొదుపు సహకార సంఘాలు, వెలుగు, సూక్ష్మరుణ సంక్షోభం, ప్రస్తుత మహిళాశక్తి కార్యక్రమాలు ఇందులోని ప్రధాన దశలు. ఒక్కో దశలో స్త్రీకి వ్యవహారంలో వచ్చిన పేరు మారింది: లబ్ధిదారు, సభ్యురాలు, శిక్షకురాలు, ఖాతాదారు, వ్యాపారవేత్త. ఈ పేర్ల మార్పు నిధుల స్వభావంలో వచ్చిన మార్పును సూచిస్తుందని, శిక్షణ ఫలించిన సందర్భాల్లో దాని మీద నిర్ణయం మహిళా సంఘాలదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: డ్వాక్రా, పొదుపు సంఘాలు, మండల సమాఖ్య, సీఆర్‌పీ, శిక్షణ నిధులు, ఉమ్మడి వరంగల్ జిల్లా.

1. ప్రవేశిక

తెలంగాణ స్త్రీల చరిత్ర అనగానే సాయుధ పోరాటం గుర్తుకు వస్తుంది. పాలకుర్తి ఐలమ్మ భూమి పోరాటం, 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి గ్రామం నేటి జనగామ జిల్లాలోనివే. ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' (1986) పుస్తకంగా వెలువరించింది. ఆ తరువాతి తరం స్త్రీలు గ్రామాల్లో నిర్మించుకున్న పొదుపు సంఘాల గురించి అర్థశాస్త్ర పరిశోధనలు చాలా వచ్చాయి. అయితే అవి ఎక్కువగా రుణం, వడ్డీ, తిరిగి చెల్లింపు చుట్టూ తిరిగాయి. శిక్షణ వాటిలో ఒక అనుబంధ అంశంగా మిగిలిపోయింది.

నిజానికి అప్పు తీరితే ఖాతా ముగుస్తుంది, నేర్చుకున్న విద్య మాత్రం మనిషితో ఉంటుంది. అందువల్ల శిక్షణ చరిత్రను విడిగా చూడవలసి ఉంది.

అధ్యయన ప్రాంతం గురించి ఒక వివరణ అవసరం. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. వీటిలో అధికభాగం పూర్వ వరంగల్ జిల్లాలోనిదే. జనగామ తాలూకా 1953 వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లోకి, కాటారం, మహదేవపూర్ వంటి మండలాలు కరీంనగర్ నుంచి భూపాలపల్లిలోకి వచ్చాయి. కాబట్టి 2016కు ముందు కాలాన్ని చర్చించేటప్పుడు 'ఉమ్మడి వరంగల్ ప్రాంతం' అన్న వ్యవహారాన్ని ఈ వ్యాసం స్వీకరిస్తుంది.

2. లబ్ధిదారు: ట్రైసెం, డ్వాక్రా దశ

గ్రామీణ యువతకు స్వయం ఉపాధి శిక్షణ ఇచ్చే ట్రైసెం పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 1979 ఆగస్టు 15న ప్రారంభించింది. 18 నుంచి 35 సంవత్సరాల మధ్య వయస్కులకు శిక్షణ, ఆ కాలంలో ఉపకార వేతనం, తరువాత సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద బ్యాంకు రుణం ఇవ్వడం దీని స్వరూపం. స్త్రీలకు అందులో నిర్ణీత వాటా ఉండేది.

కేవలం స్త్రీల కోసం డ్వాక్రా పథకం 1982లో దేశంలోని 50 జిల్లాల్లో మొదలైంది. 15 నుంచి 20 మంది స్త్రీలను ఒక బృందంగా చేర్చి, ఆ బృందానికి 15,000 రూపాయల రివాల్వింగ్ ఫండ్ ఇచ్చేవారు. అందులో కేంద్రం, రాష్ట్రం, యునిసెఫ్ చెరి 5,000 రూపాయలు భరించేవి. 1990ల మధ్యకు డ్వాక్రా దేశంలోని అన్ని జిల్లాలకూ విస్తరించింది.

ఈ దశలో శిక్షణ నిధి పూర్తిగా ప్రభుత్వానిదే. ఏ వృత్తిలో, ఎక్కడ, ఎన్ని రోజులు శిక్షణ ఇవ్వాలన్నది కార్యాలయంలో నిర్ణయమయ్యేది. కుట్టుపని, బుట్టల అల్లిక, అప్పడాలు, పచ్చళ్ల తయారీ వంటివే జాబితాలో పదే పదే కనిపించేవి. స్త్రీ చేయదగిన పని ఏది అన్న విషయంలో అప్పటి పాలనా వ్యవస్థకు ఉన్న ఊహను ఈ జాబితాలు తెలియజేస్తాయి. ఇంటి గడప దాటనవసరం లేని పనులకే శిక్షణ దొరికింది. పత్తి, మిరప పొలాల్లో పనిచేసే స్త్రీకి ఆ పంటల తూకం, గ్రేడింగు, బేరం గురించి నేర్పాలన్న ఆలోచన రాలేదు.

ఫలితం కూడా పరిమితమే. 1993లో జరిగిన దేశవ్యాప్త మూల్యాంకనం ట్రైసెం శిక్షణ పొందినవారిలో దాదాపు సగం మంది నిరుద్యోగులుగానే మిగిలారని తేల్చింది. ఉపకార వేతనం కోసమే చాలామంది చేరుతున్నారన్న విమర్శ ప్రణాళికా పత్రాల్లోనే చోటు చేసుకుంది. ఈ విమర్శ అభ్యర్థుల మీద నింద మోపుతుంది గాని, కూలి పోగొట్టుకొని శిక్షణకు వచ్చే పేదవారికి ఆ వేతనమే ఆనాటి భుక్తి అన్న సంగతిని వదిలివేస్తుంది.

1999 ఏప్రిల్ 1న ట్రైసెం, డ్వాక్రా తదితర పథకాలను స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో విలీనం చేశారు. కొత్త పథకం కేటాయింపుల్లో 10 శాతం శిక్షణకు ప్రత్యేకించారు. పదేళ్ల తరువాత, 2009లో రాధాకృష్ణ కమిటీ పరిశీలించినప్పుడు శిక్షణ, సామర్థ్య పెంపుదల మీద ఖర్చయినది మొత్తం నిధుల్లో సుమారు 6 శాతమేనని తేలింది. సబ్సిడీ, రుణం లెక్కలో కనిపించే ఆస్తులు. శిక్షణ కంటికి కనిపించని ఖర్చు. కాబట్టి మొదటి కోత దాని మీదే పడింది.

3. సభ్యురాలు: సొంత పొదుపు నేర్పిన చదువు

ప్రభుత్వ పథకాలకు సమాంతరంగా ఓరుగల్లు పరిసరాల్లో మరొక ప్రయోగం సాగింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ 1990 నుంచి వరంగల్, కరీంనగర్ జిల్లాల గ్రామాల్లో మహిళా పొదుపు సహకార సంఘాలను ప్రోత్సహించింది. బయటి గ్రాంటు, సబ్సిడీ తీసుకోకపోవడం వాటి ప్రధాన నియమం. సభ్యుల నెలవారీ పొదుపే మూలధనం, దాని నుంచే అప్పులు, ఆ వడ్డీ నుంచే సంఘం ఖర్చులు. ప్రభుత్వ జోక్యం లేని సహకార సంఘాలకు చట్టబద్ధత కల్పించిన 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వెనుక కూడా ఈ సంస్థ కృషి ఉంది.

ఇక్కడ వృత్తి శిక్షణ తక్కువ, సంస్థాగత శిక్షణ ఎక్కువ. సమావేశం నడపడం, తీర్మానం రాయడం, పద్దులు చూడడం, ఎన్నికలు జరపడం, మిగులు పంచడం వంటివి పాఠ్యాంశాలు. వాటి ఫలితానికి ములుకనూరు మహిళా స్వకృషి డెయిరీ ఉదాహరణ. 1956లో ఏర్పడిన సహకార గ్రామీణ బ్యాంకుతో ప్రసిద్ధి పొందిన ములుకనూరు పరిసరాల్లో 2002లో పాల సేకరణ ప్రారంభించిన ఈ డెయిరీలో సభ్యులూ, పాలకవర్గమూ స్త్రీలే. పశుపోషణ అంతకుముందూ వారి పనే. సంస్థను నడిపే నేర్పు మాత్రం ఏళ్ల తరబడి పొదుపు సంఘాల్లో సంపాదించుకున్నది.

ఇదే ప్రాంతంలో విదేశీ విరాళాల ఆధారంగా సాగిన శిక్షణ కూడా ఉంది. కెనడాలోని క్యూబెక్‌లో స్థిరపడిన వరంగల్ ప్రాంత మహిళ బాల థెరీసా, ఆమె భర్త ఆండ్రే జింగ్రాస్ 1977లో సోపర్ సంస్థను నెలకొల్పారు. దాని భాగస్వామిగా 1991లో బాలవికాస రిజిస్టరైంది. మహిళా సంఘాలతోపాటు కాజీపేటలో ప్రత్యేక శిక్షణ కేంద్రాన్ని ఈ సంస్థ నిర్వహించింది. ప్రవాసంలో ఉన్న స్త్రీ స్వగ్రామాల స్త్రీల శిక్షణకు నిధి సమకూర్చడం తెలుగు ప్రవాస చరిత్రలో గమనించదగిన విషయం.

ఈ రెండు మార్గాలకూ పరిమితులు ఉన్నాయి. సొంత పొదుపు మీదే ఆధారపడిన సంఘంలో నెలనెలా పొదుపు చేయలేని నిరుపేద స్త్రీ నిలవడం కష్టం. విరాళాల మీద ఆధారపడిన శిక్షణ దాత శక్తిని బట్టి విస్తరిస్తుంది.

4. శిక్షకురాలు: వెలుగు, ఇందిరా క్రాంతి పథం

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమ ప్రభావంతో 1992లో మొదలైన సారా వ్యతిరేక పోరాటం, ఆ తరువాత అక్కడ వచ్చిన పొదుపులక్ష్మి ఉద్యమం రాష్ట్రవ్యాప్తంగా సంఘాల వ్యాప్తికి ఊతమిచ్చాయి. నాబార్డ్ 1992లో 500 సంఘాలతో చేపట్టిన బ్యాంకు అనుసంధానం రుణానికి దారి చూపింది. వీటి తరువాత, 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'వెలుగు' ప్రాజెక్టును ఆరు జిల్లాల్లో ఆరంభించింది. ఆ ఆరింటిలో వరంగల్ లేదు. మిగిలిన 16 జిల్లాలకు 2003లో ప్రాజెక్టును విస్తరించినప్పుడు వరంగల్ చేరింది. తరువాత దీనికి ఇందిరా క్రాంతి పథం అన్న పేరు వచ్చింది.

సంఘాలు కలిసి గ్రామైక్య సంఘంగా, అవి కలిసి మండల సమాఖ్యగా, మండల సమాఖ్యలు కలిసి జిల్లా సమాఖ్యగా ఏర్పడడం దీని నిర్మాణం. శిక్షణ చరిత్రలో దీని ముఖ్యమైన చేర్పు సీఆర్‌పీ పద్ధతి. అప్పు తీసుకొని, దాన్ని నిలబెట్టుకొని, సంఘాన్ని నడిపిన అనుభవం ఉన్న స్త్రీ తానే మరో గ్రామానికి వెళ్లి, పదిహేను రోజులు అక్కడే ఉండి, కొత్త సంఘాలకు పంచసూత్రాలు నేర్పుతుంది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తక నిర్వహణ అన్నవి ఆ అయిదు సూత్రాలు. ఆమెకు రోజువారీ ఫీజు సమాఖ్య ద్వారా అందుతుంది.

నిధి ప్రపంచ బ్యాంకు రుణం నుంచి వచ్చినా, అది సమాఖ్య ఖాతాలో చేరి, సమాఖ్య తీర్మానంతో ఖర్చయ్యేది. బోధకురాలికి పట్టా అవసరం లేదు. ఆమె అనుభవమే అర్హత. శిక్షణ భాష కార్యాలయ భాష నుంచి ఊరి భాషకు మారింది. పాఠాలు బాకీ తీర్చిన కథలుగా, గొడవ పడి రాజీపడిన సమావేశాల కథలుగా సాగాయి. నేర్చుకున్న స్త్రీకి నేర్పే పని కూడా ఒక ఉపాధి కావడం ఈ దశలో కొత్త పరిణామం.

2007 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సమాఖ్యల మహిళలు బీహార్‌లోని జీవిక ప్రాజెక్టుకు శిక్షకులుగా వెళ్లారు. 2011 జూన్‌లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ప్రారంభమైనప్పుడు సెర్ప్ ఇతర రాష్ట్రాలకు మార్గదర్శక సంస్థగా నిలిచింది. హిందీ పూర్తిగా రాని తెలుగు స్త్రీ ఉత్తరాది గ్రామంలో పుస్తక నిర్వహణ నేర్పిన ఈ అనుభవాలు మౌఖిక చరిత్రగా నమోదు కావలసి ఉంది.

5. ఖాతాదారు: శిక్షణ తగ్గి, అప్పు పెరిగిన కాలం

సరిగ్గా ఇదే కాలంలో ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు తెలంగాణ గ్రామాల్లో వేగంగా విస్తరించాయి. అవి కూడా రుణానికి ముందు స్త్రీలకు 'శిక్షణ' ఇచ్చాయి. అయితే ఆ కొద్ది రోజుల శిక్షణలో ప్రధానమైనవి వాయిదా నియమాలు, ఉమ్మడి జవాబుదారీ, క్రమశిక్షణ ప్రతిజ్ఞ. అప్పు దేనికి, దానితో ఏ వ్యాపారం, అది మిగులుతుందా అన్న లెక్క అందులో దాదాపు లేదు. నిధి ఎవరిదో పాఠం వారి అవసరాన్నే చెబుతుందనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం దొరకదు.

ఒకే స్త్రీకి పలు సంస్థలు అప్పులివ్వడం, వారం వారం వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో అది చట్టమైంది. వారపు వసూళ్ల స్థానంలో నెలవారీ వసూళ్లను, మరో అప్పు ఇచ్చే ముందు ప్రభుత్వ అనుమతిని ఆ చట్టం విధించింది. అదే సంవత్సరం సమాఖ్యల వాటాధనం, ప్రభుత్వ వాటాతో స్త్రీనిధి ఏర్పడింది. రిజర్వు బ్యాంకు పరిధిలోని సంస్థలకు 2011 నాటి చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో తీర్పు చెప్పింది. అంటే చట్టం ఇచ్చిన రక్షణలో ఒక భాగం తొలగిపోయింది. అప్పు పత్రం చదివి అర్థం చేసుకొనే శిక్షణ అవసరం దీనివల్ల మరింత పెరిగింది.

6. వ్యాపారవేత్త: కొత్త జిల్లాలు, కొత్త పేరు

2016లో జిల్లాల పునర్విభజనతో పాటు జిల్లా సమాఖ్యలూ విడిపోయాయి. ఒకే జిల్లా సమాఖ్య కింద పెరిగిన అనుభవం, శిక్షకుల బలగం పలు కొత్త జిల్లాలకు పంపిణీ అయింది. రైలు మార్గం, హైదరాబాదు మార్కెట్టు దగ్గరగా ఉన్న జనగామకూ, అటవీ గ్రామాలతో కూడిన భూపాలపల్లికీ ఆరంభ స్థితులు సమానం కావు.

ఈ దశలో 'పారిశ్రామికవేత్త', 'వ్యాపారవేత్త' అన్న పదాలు పథకాల పరిభాషలోకి వచ్చాయి. 2018 మార్చి 8న హైదరాబాదులో వీ హబ్ మహిళా వ్యాపారవేత్తల కోసం మొదలైంది. బ్యాంకుల ఆధ్వర్యంలో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు 1982లో కర్ణాటకలోని ఉజిరెలో పుట్టిన నమూనాను అనుసరించి 2009 నుంచి జిల్లాలవారీగా ఏర్పడ్డాయి. వాటిలో భవనానికి, పేద అభ్యర్థుల శిక్షణ ఖర్చుకు కేంద్రం, నిర్వహణకు బ్యాంకు బాధ్యత వహిస్తాయి. 2024లో ఇందిరా మహిళాశక్తి పేరుతో క్యాంటీన్లు, పాఠశాల యూనిఫాం కుట్టుపని, ఆ తరువాత అద్దె బస్సులు, సౌర విద్యుత్ కేంద్రాలు మహిళా సమాఖ్యల చేతికి వచ్చాయి. అదే ఏడాది నవంబరు 19న హనుమకొండ సభలో 22 జిల్లాల మహిళాశక్తి భవనాలకు శంకుస్థాపన జరిగింది.

బస్సు, సౌర కేంద్రం వంటివి కుట్టుమిషను కంటె ఎన్నో రెట్లు పెద్ద పెట్టుబడులు. బీమా, నిర్వహణ ఒప్పందం, తరుగుదల, నెలవారీ ఆదాయ వ్యయ పట్టిక చూసి ప్రశ్నించగల శక్తి సమాఖ్య పాలకవర్గానికి లేకపోతే ఆస్తి సమాఖ్య పేరిట ఉన్నా నిర్ణయం మరొకరి చేతిలో ఉంటుంది. భవనానికి నిధి సులభంగా దొరికి, ఆ భవనంలో నేర్పవలసిన పాఠానికి నిధి దొరకని స్థితి డ్వాక్రా కాలం నుంచి పరిచితమైనదే.

7. ఏజెన్సీ గ్రామాలు: దూరం అనే ఖర్చు

మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం, గూడూరు మండలాల్లోనూ, భూపాలపల్లి అటవీ గ్రామాల్లోనూ కోయ, లంబాడా స్త్రీల స్థితి భిన్నమైనది. ఉమ్మడి వరంగల్ ఏజెన్సీకి కేంద్రమైన ఏటూరునాగారం ఐటీడీఏ 2019 తరువాత ములుగు జిల్లాలో ఉంది. శిక్షణ కేంద్రానికి వెళ్లి రావడానికి ఒక రోజు కూలి, ప్రయాణ ఖర్చు, పిల్లల బాధ్యత అన్నీ ఆ స్త్రీయే భరించాలి. ఏ పథకం పద్దులోనూ ఈ ఖర్చు కనిపించదు. పత్తి ఏరే కాలంలో, ఇప్పపువ్వు రాలే కాలంలో శిక్షణ పెడితే హాజరు తగ్గడం సహజం.

2018 ఏప్రిల్ 14న కేంద్రం ప్రారంభించిన వన్‌ధన్ వికాస కేంద్రాల నమూనా ఈ ప్రాంతానికి సన్నిహితమైనది. 20 మంది చొప్పున 15 సంఘాలు, మొత్తం 300 మందికి ఒక కేంద్రం, దానికి 15 లక్షల రూపాయల వరకు సహాయం దీని ప్రమాణం. సేకరణదారు అటవీ ఉత్పత్తికి విలువ చేర్చడం దీని ఆశయం. అయితే శిక్షణ కోయ భాషలోనో, లంబాడీలోనో జరగనంత కాలం అది సగమే చేరుతుంది. సీఆర్‌పీ పద్ధతి మైదాన గ్రామాల్లో విజయం సాధించడానికి ముఖ్య కారణం శిక్షకురాలు, శ్రోత ఒకే భాష మాట్లాడడం. ఆ సూత్రం ఏజెన్సీకి మరింతగా వర్తిస్తుంది.

8. చర్చ

పై దశలను పోల్చినప్పుడు మూడు విషయాలు స్పష్టమవుతాయి. మొదటిది, నిధి పరిమాణం కంటె నిధి మీద నిర్ణయాధికారం శిక్షణ స్వభావాన్ని ఎక్కువగా మలిచింది. ట్రైసెంకూ, వెలుగుకూ ధనం పైనుంచే వచ్చింది. శిక్షకురాలిని ఎంచుకొని, ఆమె ఫీజు తీర్మానించే హక్కు సమాఖ్యకు దక్కిన చోటే పాఠం మారింది.

రెండవది, పూర్తి స్వావలంబన గాని, పూర్తి గ్రాంటు గాని ఆదర్శంగా నిలవలేదు. అమెరికా కూడా ఈ ప్రశ్నను ఎదుర్కొంది. 1988 నాటి మహిళా వ్యాపార యాజమాన్య చట్టం ద్వారా ఏర్పడిన శిక్షణ కేంద్రాలు ఫెడరల్ నిధికి దీటుగా స్థానికంగా కొంత నిధి సమకూర్చుకోవాలి. లాటిన్ అమెరికా మూలాలున్న స్త్రీల వంటి వెనుకబడిన సమూహాలకు సేవలందించే కేంద్రాలకు ఈ షరతు స్థానిక మద్దతునూ, భారాన్నీ ఒకేసారి తెస్తుంది. పేద ప్రాంతంలో స్థానిక వాటా సమకూరడమే కష్టం. జనగామకు సాధ్యమైన వాటా గంగారానికి సాధ్యం కాదు.

మూడవది, శిక్షణ వ్యవస్థను నిలబెట్టిన స్త్రీల శ్రమకు తగిన విలువ దక్కలేదు. గ్రామైక్య సంఘాల పుస్తకాలు రాసే వీఓఏలు గౌరవ వేతనం మీద పనిచేస్తూ, 2023లో రాష్ట్రవ్యాప్తంగా సమ్మెకు దిగారు. 'గౌరవ వేతనం' అన్న మాటలోనే ఆ పనిని ఉద్యోగంగా గుర్తించకపోవడం ఉంది. ఇతరులను వ్యాపారవేత్తలుగా తీర్చిదిద్దే స్త్రీకి స్థిరమైన జీతం లేకపోవడం ఈ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం.

9. ముగింపు

ఉమ్మడి వరంగల్ ప్రాంతంలో మహిళా ఉపాధి శిక్షణ నలభై ఏళ్లలో ఉపకార వేతనం నుంచి సమాఖ్య తీర్మానం వరకు ప్రయాణించింది. లబ్ధిదారు అన్న పదంలో స్త్రీ స్వీకర్త మాత్రమే. శిక్షకురాలు అన్న పదంలో ఆమె దగ్గర ఇతరులకు ఇవ్వదగిన జ్ఞానం ఉందన్న అంగీకారం ఉంది. వ్యాపారవేత్త అన్న కొత్త పదం ఈ రెండింటిలో దేనివైపు మొగ్గుతుందన్నది రాబోయే సంవత్సరాల్లో శిక్షణ నిధి ఏ ఖాతాలో పడుతుందో, ఎవరి సంతకంతో ఖర్చవుతుందో దాని మీద ఆధారపడి ఉంటుంది.

పరిశోధకులు చేపట్టవలసిన పని కూడా ఇక్కడే ఉంది. గ్రామైక్య సంఘాల తీర్మాన పుస్తకాలు ఈ చరిత్రకు ప్రాథమిక ఆధారాలు. ఎవరు శిక్షణకు వెళ్లారు, ఎన్ని రోజులు, ఎంత ఫీజు, తిరిగి వచ్చి ఏమి చెప్పారు అన్న వివరాలు స్త్రీల సొంత దస్తూరీలో వాటిలో దొరుకుతాయి. జిల్లాల విభజనలో కార్యాలయాలు మారాయి, పద్దులు కంప్యూటర్లలోకి వెళ్తున్నాయి. పాత పుస్తకాలు అటకెక్కి చెదలు పట్టకముందే వాటిని సేకరించి, రాసిన స్త్రీల మాటలతో పాటు భద్రపరచాలి. సీఆర్‌పీలుగా మొదటి విడతలో ఊళ్లు తిరిగిన తరం ఇప్పుడు వృద్ధాప్యానికి చేరువవుతోంది.